నొక్కినోళ్ళందరికీ చాయ్

ఫిబ్రవరి 6, శుక్రవారం

నా ఫోన్ల షాపులో గిరాకీ లేదు, కౌంటర్ మీద కూర్చుని టైప్ చేస్తున్నా. మా డిగ్రీ గైడు వెంకటనారాయణ సార్ అడిగిన ప్రాజెక్టు రికార్డు ఇంగ్లీషులో వేరే ఉంది. ఇది నా ఫోన్‌లో, నాకోసం. తప్పులు దిద్దేవాళ్ళు లేరు కాబట్టి వేళ్ళు ఎటు పోతే అటు.

మొత్తానికి ఈరోజు మెసేజ్ వదిలాను. మా చర్చి ఆడవాళ్ళందరికీ, కొత్త నంబరు నుంచి. 'మహిళలకు ఉచిత కుట్టుమిషన్లు. పేరు రాయించుకోవడానికి ఇక్కడ నొక్కండి.' నొక్కితే ఏమీ కాదు. ఎవరు నొక్కారో నాకు తెలుస్తుంది, అంతే. మోసపు మెసేజ్‌లకు జనం ఎట్లా దొరికిపోతారో చూసి రిపోర్టు రాయాలి. సైబర్ సెక్యూరిటీ డిగ్రీకి ఇదే ఆఖరి గట్టు. ఇది దాటితే పట్టా.

ఆన్‌లైన్‌లో చదివే డిగ్రీ అంటే బాన్సువాడ బస్టాండులో ఎవరికీ అర్థం కాదు. వెస్లీ మాత్రం తన ఆటో ఎక్కినవాళ్ళందరికీ 'మా ఆమెది దొంగలను పట్టే సదువు' అని చెబుతాడు. పెళ్ళాన్ని పొగిడినట్టూ ఉంటుంది, కిరాయి దగ్గర ఎవరూ గీచిగీచి బేరమాడరు కూడా.

సార్ రూలు ఏమిటంటే, ముందు ఒక్కొక్కరి ఒప్పుదల తీసుకోవాలి. అయిపోయాక ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, ఇది మోసం అని ఎక్కడ కనిపెట్టాలో చూపించాలి. ఒప్పుదల గడుల్లో నేనే టిక్కులు పెట్టేశాను. రోజూ చేసేదేగా. పింఛను దరఖాస్తు అయినా, కొత్త సిమ్ అయినా 'నేను అంగీకరిస్తున్నాను' అని వస్తే నేనే నొక్కుతాను. వాళ్ళు బెంచీ మీద కూర్చుని ఎండ గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. అడిగితే మాత్రం వద్దంటారా?

మధ్యాహ్నం ఒక తమాషా. మా చర్చి పెంటవ్వ నా మెసేజే నా దగ్గరికి పట్టుకొచ్చింది.

'కృపా, కుట్టుమిషన్ ఇస్తుండ్రట. జర నా పేరు నింపు పిల్లా, నాకు గీ చిన్న చిన్న అక్షరాలు అగుపడయి.'

ఏం చేస్తాను? నా గాలానికి నేనే చేపను తగిలించినట్టు, ఆమె తరఫున నేనే నొక్కాను. ఇది రిపోర్టులో రాయాలా వద్దా?

ఆ వెనకే మా చర్చి రాజన్న, చెరుకు రైతు. రోడ్డు అవతలి నుంచే తన పిన్ నంబరు అరుస్తూ వచ్చాడు. జుక్కల్ బస్సు ఎక్కేవాళ్ళంతా తలలు తిప్పారు.

'మెల్లగ అన్నా, ఊరంత వింటుండ్రు.'

'విననీ చెల్లె. నా అకౌంట్ల ఏమున్నది, గాలి. దొంగోడు వస్తే వానికే జలుబు చేస్తది.'

ఇట్లాంటి జనం. వీళ్ళతోనే నా బతుకు.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి అయ్యాక ఆడవాళ్ళందరినీ వేపచెట్టు కింద ఆపి చాయ్ పోయించాను, మిర్చిబజ్జీలు కూడా. ఆ కుట్టుమిషన్ మెసేజ్ నేనే పంపాను, నా పరీక్ష కోసం, ఎవరికీ ఏమీ పోలేదు, ఫికర్ పెట్టుకోవద్దు అన్నాను. ఒకటే నవ్వులు. నొక్కనివాళ్ళు కూడా నొక్కామన్నారు, బజ్జీల కోసం.

సమ్మవ్వ గ్లాసు పట్టుకుని నా పక్కకు జరిగింది.

'అయితే నేను నొక్కింది నీకు అక్కెరకొచ్చిందా బిడ్డా?'

'రాకపోతే? నువ్వు నొక్కినందుకే నాకు మార్కులవ్వా.'

ఆమె ముఖం వెలిగింది. అమ్మ నాట్లకు పోతే నన్ను చీరె ఉయ్యాలలో ఊపిన మనిషి. చర్చిలో పాట ఎత్తేది ఆమే. ఆమె ఎత్తితేనే పాట లేస్తుంది, లేకపోతే ఎవరి దారి వాళ్ళది. ఒకరి దగ్గర చేయి చాచడం ఎరగదు. ఒక ఏడు గాలివానకు ఇంటి రేకులు ఎగిరిపోతే చర్చివాళ్ళు వేయిస్తామన్నారు. 'కూలి చేసి ఏసుకుంట' అంది. వేసుకునేదాకా ప్లాస్టిక్ పట్టా కప్పుకుని పడుకుంది.

ఒక్కొక్కరినీ కూర్చోబెట్టడం మాత్రం కుదరలేదు. అంత సంతోషంగా ఉంటే, పెద్దవాళ్ళను పట్టుకుని 'మీరు మోసపోయారు, ఇట్లా చేయొద్దు' అని ఎట్లా అంటాను? అయినా అందరికీ చెప్పాను. చెప్పానా లేదా? చెప్పాను.

ఫిబ్రవరి 12, గురువారం

రిపోర్టు సగం అయింది. జొన్నరొట్టె మాడింది. వెస్లీ ఏమీ అనకుండా తిన్నాడు, అదే ఎక్కువ కోపం.

ఫిబ్రవరి 19, గురువారం

ఈరోజు జరిగింది వరుసగా రాస్తాను.

పొద్దున రాజన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి అరుపు లేదు.

'చెల్లె, సమ్మక్క ఏ దవాఖానల ఉన్నది? అన్ని వార్డులు తిరిగొచ్చిన. లేదు.'

ఫోన్ చూపించాడు. సమ్మవ్వ నంబరే, పాటల పుస్తకం పట్టుకుని తెల్లచీరలో ఆమె ఫోటోనే. 'దవాఖానల ఉన్న. అర్జంటు. పైసలు పంపు. ఎవ్వరికి చెప్పకు.' కింద పైసలు వేయడానికి ఎవరిదో నంబరు. రాజన్న చెరుకు పైసలు పంపేశాడు. పంపిన తర్వాతే దవాఖానకు పరుగు.

నాకు చదవగానే తెలిసింది. ఆమె వాట్సాప్ ఎవడో లాక్కున్నాడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ నంబరు ఎవరికైనా చదివి చెబితే ఇట్లాగే పోతుంది. మా పుస్తకంలో మొదటి పాఠం.

సమ్మవ్వ హరనాథబాబు గారి మడిలో కలుపు తీస్తోందని తెలిసి వెస్లీ, రాజన్న ఆటోలో పోయారు. అక్కడ జరిగింది వెస్లీ చెప్పాడు. పదిమంది కూలోళ్ళ ముందు రాజన్న ఒడ్డు మీద నిలబడి, 'దవాఖానల పండుకున్నంటివి, గీడ కలుపు తీస్తున్నవా? నన్ను పిచ్చోణ్ణి చేసినవా అక్కా?' అన్నాడట. ఆమె చేతిలో గడ్డితో అట్లాగే నిలబడిపోయిందట.

ఆమెను షాపుకు తీసుకొచ్చారు. రాజన్నకే కాదు, ఆమె ఫోన్‌లో పేరున్న ప్రతివాళ్ళకూ అదే మెసేజ్ పోయింది. కొందరు పంపారు. కొందరు పంపకుండా, చూసి ఊరుకున్నారు. నేను పోలీసుల 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అది చేస్తూనే ఆమె మీద అరిచాను. షాపు నిండా జనం.

'ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా? ఫోన్‌కొచ్చిన నంబర్ ఎవ్వరికి చెప్పొద్దని ఎన్నిసార్లు చెప్పిన?'

ఆమె నా వైపు చూసింది. ఏదో అనబోయింది. చుట్టూ ఉన్నవాళ్ళను చూసి ఆగిపోయింది.

'తప్పైంది బిడ్డా' అంది.

ఎందుకు చెప్పావని నేను అడగలేదు. ముసలామెను ఏం అడుగుతాం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఆ దొంగ ఆమె వాట్సాప్‌కు తన సొంత పిన్ ఒకటి తాళంలా వేసుకున్నాడు. వారం ఆగితే గానీ వాట్సాప్ తిరిగి ఆమె చేతికి రాదు. అందాకా ఆమె ముఖం వాడి దగ్గరే. ఆమె ఫోటో పెట్టుకుని వాడు ఎవరెవరిని అడుక్కుంటున్నాడో. 'అది సమ్మవ్వ కాదు, నమ్మకండి' అని గ్రూపులన్నిట్లో పెట్టాను. ఎంతమంది చదివారో. చదవడం వచ్చినవాళ్ళు ఎంతమందో.

ఫిబ్రవరి 22, ఆదివారం

సమ్మవ్వ చర్చికి రాలేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు మొదటి ఆదివారం. పాట పెంటవ్వ ఎత్తింది, మరీ పైకి. ఎవరికీ అందలేదు. రెండో చరణం దాకా కూడా పోలేదు.

బయట చెప్పుల దగ్గర మాటలు. 'పాపం, ఏం కష్టమొచ్చెనో, సిగ్గిడిసి అడిగింది.' 'అడిగితే అడిగింది, దవాఖాన అని అబద్ధమెందుకు?' అది దొంగ పని, ఆమె కాదు అని నేను చెబుతూనే ఉన్నాను. 'అవునవును' అంటారు. మనిషి పేరు, మనిషి ఫోటో కనబడ్డాక ఇంకెవరో ఉన్నారంటే లోపలికి ఎక్కదు. అయ్యో పాపం అని తలలూపి పోయారు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఇందులో నాకేమీ సంబంధం లేదు. నేను అందరికీ చెప్పాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

గడువు అయింది. సాయంత్రం షాపు వెస్లీకి అప్పజెప్పి సమ్మవ్వ ఇంటికి పోయాను. గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఫోన్ ఏదంటే బియ్యం డబ్బా చూపించింది. తువ్వాలలో చుట్టి లోపల దాచిపెట్టింది, పాపను పడుకోబెట్టినట్టు.

'తే అవ్వా, నీ వాట్సాప్ మళ్ళ నీకు తెప్పిస్త.'

'ఏం అక్కెర లేదు. అండ్లనే ఉండనీ.'

'ఇంకెవ్వని చేతిల పడకుంటనన్న చెయ్యాలె గదా.'

ఇచ్చింది. నేను పని చేసుకుంటుంటే ఆమె గింజలు చేటలో వేస్తోంది. తర్వాత, తలెత్తకుండానే అడిగింది.

'గిదంత పోనీ. నీకు మార్కులైతే పడ్డయా?'

'ఏం మార్కులవ్వా?'

'గదే. నేను నంబర్ చదివి చెప్పిన గదా. దానికి పడ్డయా లేదా?'

నాకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు. ఆమే చెప్పింది.

'ఎవడో పిల్లగాడు ఫోన్ చేసిండు. మంచిగ మాట్లాడిండు, మన తెలుగే. అవ్వా, నీ ఫోన్‌కు ఒక నంబర్ వచ్చింది, జర చదివి చెప్పు అన్నడు. నాకు నవ్వొచ్చింది పిల్లా. గిది దొంగ ఫోనే అని నాకు ఎరుకైంది. అయిననీ, మనసుల అనుకున్న, కృప మళ్ళ పరీక్ష పెట్టింది, ఈసారి మొగపిల్లగానితోని మాట్లాడిపిచ్చింది అని. కలుపు ఇడిసిపెట్టి ఒడ్డు మీదికొచ్చిన. కొంగుకు చెయ్యి తుడుసుకోని, తప్పు పోవద్దని రెండుసార్లు చదివిన. నువ్వు చాయ్ పోస్తివి గదా నొక్కినోళ్ళకు. నువ్వు నొక్కినందుకే మార్కులు అంటివి గదా.'

'మరి షాపుల నేను అరుస్తుంటే ఎందుకు చెప్పలే?'

'అంతమంది ఉండిరి. అందరి ముంగట చెప్తే పరీక్షల చూసి రాసినట్టైతది, నీ మార్కులు తీసేస్తరేమో అనుకున్న.'

చేతిలో ఫోన్ ఉంది. అందులో ఆమె వాట్సాప్ తిరిగి తెరుచుకుంది. పాటల పుస్తకం, తెల్లచీర. నేను ఫోన్ ఆమె ఒడిలో పెట్టాను.

'పడలేదా?' అంది మళ్ళీ.

ఏమి చెప్పానో రాయలేను. ఏదో చెప్పాను. ఇంటికి వచ్చాను.

ఫిబ్రవరి 28, శనివారం

షాపు తెరవలేదు. తలనొప్పి.

మార్చి 2, సోమవారం

వెంకటనారాయణ సార్ ఫోన్ చేశాడు. ఆయనది కోస్తా మాట, మా బెంచీ మీదవాళ్ళు స్పీకర్‌లో వింటే నవ్వుతారు. ఈరోజు స్పీకర్ పెట్టలేదు.

'ఏవండీ కృపగారూ, మీ డేటా చూశానండి. ఇంతమంది నొక్కారా! బ్యాచ్‌లో ఇంకెవరికీ రాలేదండి ఇలా. మీరు అందరి ముందూ ప్రెజెంట్ చేయాలి.'

'సరే సార్.'

'తర్వాత అందరికీ విడివిడిగా వివరించారు కదా?'

'చెప్పాను సార్.'

చెప్పాను సార్. ఎంత గబుక్కున వచ్చిందో నోట్లోంచి.

ప్రాజెక్టు వేరు, ఇది వేరు. నా మెసేజ్ వల్ల ఎవరిదీ ఏమీ పోలేదు. పోయింది దొంగ వల్ల. దొంగకు నేనేమన్నా చెప్పానా? లేదు. రిపోర్టులో దొంగ గురించి రాయాలని ఎక్కడా లేదు.

మార్చి 3, మంగళవారం

వెస్లీకి చెప్పాను. ఆటో కడుగుతూ విన్నాడు. బకెట్ కింద పెట్టాడు.

'చర్చిల చెప్తవా?'

'చెప్పకపోతే ఆమె పేరు ఎట్ల మంచిగైతది? అందరు ఆమె అడుక్కున్నదనే అనుకుంటుండ్రు.'

'చెప్పినవనుకో. ఊరందరి ఫోన్లు నీ చేతిల ఉన్నయి కృపా. పిన్ నంబర్లు నీకు నోటికి వచ్చు. రేపటికెళ్ళి ఎవడన్న ఫోన్ ఇస్తడా నీకు? షాపు ఏమైతది? నీ పట్టా ఏమైతది? ఇంతకాలం కౌంటర్ కాడ కూసోని చదివితివి.'

'నువ్వైతే ఏం చేస్తవ్?'

చాలాసేపు గుడ్డ పిండాడు.

'నన్ను అడగకు' అన్నాడు.

మార్చి 5, గురువారం

ఈసారి అడిగి చేద్దామనుకున్నాను. టిక్కు నేనే పెట్టుకోకుండా.

సమ్మవ్వ దగ్గరికి పోయి, నొక్కితే నాకు మార్కులని చెప్పింది నేనే, తప్పు నాది, ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ లేచి అందరి ముందు చెబుతాను, చెప్పనా అని అడిగాను.

'వద్దు.'

'అవ్వా, నీ పేరు...'

'నా పేరుకేమైంది? పోయేటి వయసుల పేరు ఏం చేసుకుంట? నువ్వు చెప్తే నీ సదువు పోతది. మీ అమ్మకు మాటిచ్చిన, నిన్ను చూసుకుంట అని. వద్దంటే వద్దు.'

వద్దంది. నేను బయటికి వచ్చాను. దారంతా మనసు తేలిగ్గా ఉంది. ఆ మాట కూడా రాయాలి. తేలిగ్గానే ఉంది.

మార్చి 8, ఆదివారం

రాలేదు. సమ్మవ్వ లేక పాట పెంటవ్వే ఎత్తింది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. కాదు, అడిగాను, వద్దంది. ఆమె వద్దంది.

మార్చి 14, శనివారం

మధ్యాహ్నం ఎండలో సమ్మవ్వ షాపుకు వచ్చింది. ఆ రోజు తర్వాత ఇదే రావడం. బెంచీ మీద కూర్చోలేదు.

'బియ్యం తెచ్చిండ్రు బిడ్డా' అంది.

'ఎవరు?'

'చర్చోళ్ళు. అందరు కలిసి పోగు చేసిండ్రట. మూట గడప మీద పెట్టి, నోరు తెరిచి అడిగేటంత కష్టమొచ్చిందా అవ్వా, మాకు ముందే చెప్పకపోతివి అన్నరు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండ్రు. నాకు!'

రాజన్న కోపం భరించింది. చెప్పుల దగ్గర మాటలు భరించింది. ఈ మూట మాత్రం ఆమె వల్ల కాలేదు. నా ఎదుట ఆమె ఎప్పుడూ ఏడ్వలేదు. ఇప్పుడూ ఏడ్వలేదు.

'రేపు చెప్తవా?' అంది.

'చెప్తనవ్వా.'

'నీ సదువు?'

'పోతే మళ్ళ చదువుకుంట.'

'నేనూ వస్త. నా ఎనుక కాదు, నా ముంగట చెప్పాలె.' రోడ్డు మీదికి దిగుతూ, 'ఎక్కువ ఏడ్వకు. తక్కువల చెప్పి కూసో' అంది.

మార్చి 15, ఆదివారం

చెప్పాను.

సాక్ష్యం వేళ సాధారణంగా జ్వరం తగ్గినవాళ్ళు, పిల్లకు సంబంధం కుదిరినవాళ్ళు లేస్తారు. నేను లేచేసరికి పట్టా వచ్చిందనుకుని పెంటవ్వ ముందే చప్పట్లకు చేతులు ఎత్తింది. సమ్మవ్వ వెనక వరుసలో కొంగు కప్పుకుని కూర్చుంది.

దవాఖాన మెసేజ్ పంపింది సమ్మవ్వ కాదు, ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు, ఎప్పుడూ అడగలేదు అన్నాను. ఫోన్ వచ్చినప్పుడు అది మోసమని ఆమెకు తెలిసిపోయింది అన్నాను. అయినా నంబరు చెప్పింది, ఎందుకంటే అది నా పరీక్ష అనుకుంది. నొక్కితే నాకు మార్కులని చాయ్ పోసి చెప్పింది నేను. మిమ్మల్ని ఒక మాట అడగకుండా మీ పేర్ల దగ్గర టిక్కులు పెట్టింది నేను. అడిగితే వద్దనరు అనుకున్నాను. అడగలేదు.

వరుసల్లో ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

'అంటే...' పెంటవ్వ గొంతు, 'గా కుట్టుమిషన్ అసలు రాదా ఇగ?'

'రాదు పెంటవ్వా. లేనే లేదు. దానికి నీ పేరు నింపింది కూడా నేనే.'

ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. రాజన్న మగవాళ్ళ వరుసలోంచి లేచాడు. నా వైపు చూడలేదు. తలుపు దాకా పోయి, తిరిగి వచ్చి, సమ్మవ్వ ముందు నిలబడ్డాడు.

'మడి కాడ పదిమందిల అన్న. గీడ కూడ పదిమంది ఉన్నరు, అందుకే గీడనే అంటున్న. తప్పైంది అక్కా.'

'కూసో రాజన్నా' అంది ఆమె. 'బియ్యం మూట నీదేనా?'

'అందరిది.'

'సాయంత్రం వచ్చి తీస్కపో. గింజ ముట్టలే నేను.'

ఆఖరి పాట ఎవరూ ఎత్తలేదు. అందరూ ఆగారు. చాలాసేపటికి వెనక వరుసలోంచి సన్నగా మొదలైంది. గొంతు బొంగురు. తడబడుతూ తడబడుతూ లేచింది. నేను పాడలేకపోయాను.

మార్చి 17, మంగళవారం

సార్‌కు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు.

'నొక్కినవాళ్ళకి మీరేం చెప్పారో, అదే మాటల్లో చెప్పండి.'

చెప్పాను. చాయ్, బజ్జీలు, మార్కులు.

'అది వివరించడం కాదండి' అన్నాడు మెల్లగా. 'అది బహుమతి ఇవ్వడం. ఒప్పుదలలు?'

'టిక్కులు నేనే పెట్టిన సార్.'

అవతల కుర్చీ కిర్రుమంది. 'దీన్ని నేను ఒప్పుకోలేనండి. మళ్ళీ చేయాలి. ఈసారికి పట్టా లేదు.'

'సరే సార్.'

'ఆవిడ ఎలా ఉన్నారు?' అని అడిగాడు. అది అడుగుతాడనుకోలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది.

మార్చి 19, గురువారం

గిరాకీ సగం. అడిగేవాళ్ళు ఉన్నారు, ఫోన్ చేతికి ఇచ్చేవాళ్ళు లేరు. వెస్లీ ఏమీ అనడు. పొద్దుపొడుపుకే ఆటో తీసి మహమ్మద్ నగర్ దాకా తిప్పుతున్నాడు.

మార్చి 24, మంగళవారం

రాజన్న వచ్చాడు. రోడ్డు అవతలి నుంచి అరుపు లేకుండా వచ్చాడు, అందుకే ముందు గుర్తుపట్టలేదు. నాతో పనేమో అనుకుని చేయి చాచాను. ఫోన్ ఇవ్వలేదు. ఎట్లా నొక్కాలో నోటితో చెప్పమన్నాడు. చెప్పాను. పిన్ దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరిగి, భుజం మీది తువ్వాల ఫోన్ మీద కప్పి, తల లోపల పెట్టి నొక్కుకున్నాడు. పాలు తాగే లేగదూడలాగా. నవ్వు రావాలి. రాలేదు.

'ఏమనుకోకు చెల్లె.'

'మంచిగ చేసినవన్నా.'

కొత్త ప్రాజెక్టుకు ఒప్పుదల కాగితం ఇచ్చి సంతకం అడిగాను, కలం కూడా ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

'ఇంటికి తీస్కపోయి నా బిడ్డతోని చదివిపిచ్చుకుంట. నచ్చితే సంతకం, లేకపోతే లేదు.'

ఇంతకాలంలో ఒక కాగితం నా దగ్గర నుంచి చదువుకోవడానికి బయటికి పోవడం ఇదే. బాధగా ఉంది. బాధపడాల్సిన పని కాదని తెలుసు. అయినా ఉంది.

ఏప్రిల్ 2, గురువారం

రేపు గుడ్ ఫ్రైడే. పాటల వరుస పాస్టరుగారు చీటీ రాసిస్తే ఫోటో తీసి నిన్న సమ్మవ్వకు పంపాను. నా సొంత నంబరు నుంచే, నా పేరుతోనే. చేరింది గానీ తెరవలేదు. పొద్దున లేచి చూసినా అట్లాగే ఉంది.

షట్టర్ ఎత్తుతుంటే ఆమే వచ్చింది, కూలికి పోయే దారిలో, సద్ది చంకలో పెట్టుకుని.

'నిన్న నీ పేరు మీద ఏదో వచ్చింది. నువ్వే పంపినవా?'

'నేనే అవ్వా. రేపటి పాటలు.'

'నా మొకం చూసి చెప్పు.'

చూశాను. చీరె ఉయ్యాల ఊపిన మనిషి ముఖం, ఎండకు నల్లబడి, నా నోటి వైపు చూస్తూ.

'నేనే పంపిన అవ్వా.'

'ఏమేం పాటలు?'

ఒక్కొక్కటి చెప్పాను. వేలు మడుస్తూ విన్నది. మూడో పాట దగ్గర ఆపి, అది ఎవరికీ రాదు, వేరేది పెట్టమను అంది.

'ఇగ తెరిచి చూసుకో. నేనే అని తెలిసె గదా.'

'ఎందుకు తెరుసుడు? నోటితోని చెప్పితివి గదా.'

ఫోన్ రొండిలో దోపుకుంది. కూలోళ్ళు ఎక్కిన ఆటో దగ్గరికి పోతూ మొదటి పాట సన్నగా అందుకుంది, అందరికీ అందేంత కిందికి పెట్టి చూసుకుంటూ.

ఇది రాసేటప్పుడు ఇంకోసారి చూశాను. నా మెసేజ్ పక్కన ఇంకా బూడిద రంగు టిక్కులే ఉన్నాయి, తెరిచినట్టు నీలం కాలేదు. మార్కులు వేసేది నేనైతే ఆమెకు నిండా వేసేదాన్ని.